రెండు రెక్కల గేటు

నెల్ ప్రీస్ తలమీద గోనెపట్టా కప్పుకుని, చారుగిన్నె కొంగుచాటున పట్టుకున్నట్టు శాలువా కింద దాచుకుని, వంటగదిలోంచి వానలోకి దిగింది. పడగ్గది, గేటులోంచి బంగళాకి వెళ్ళే బాటకి అవతల ఉంది. పద్నాలుగు అడుగులు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె ఇల్లు ఆ బాటకి అటు సగం, ఇటు సగం.

మార్లక్ హౌస్ అనే ఆ బంగళా కట్టించినాయన పోయి నూటయాభై ఏళ్ళు దాటింది. ఆయనకి జోడీల పిచ్చి. పెద్ద తలుపుకి అటు ఐదు కిటికీలుంటే ఇటూ ఐదుండాల్సిందే. ఒకచోట లోపల పొగగొట్టం అడ్డొస్తే గోడమీద కిటికీ బొమ్మ వేయించాడు, నల్లటి అద్దాలతో, తెల్లటి చట్రంతో సహా. గేటు దగ్గరా అదే వరస. ఇటొక రాతిగది, అటొక రాతిగది, రెండింటికీ ముందు రెండేసి స్తంభాలు. కాపలావాడి పెళ్ళాం ఒకదాంట్లో వండి ఇంకోదాంట్లోకి మోసుకుపోవాలని ఆ మహానుభావుడికి తోచలేదు. తోచినా పట్టించుకునేవాడు కాదు.

పడగ్గదిలో ఆమె మొగుడు అమోస్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలో గరగరమంటోంది.

"రెండు గుక్కలు తాగవయ్యా."

"పొద్దున దొరసాని కారు వెళ్ళినప్పుడు విన్నా. నీ రెక్క ముందు తీశావు, నాది తర్వాత తీశావు. సిగ్గులేకపోతే సరి."

"నాకున్నవి రెండు చేతులే కదా!"

"కలిసి తెరుచుకోవాలే, నెల్లీ. కలిసి."

నిలువెత్తు మనుషులిద్దరంత ఎత్తు ఇనపరెక్కలవి. పడగ్గది వైపుది అమోస్‌ది, వంటగది వైపుది నెల్‌ది. ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒక్కసారే నెట్టాలి. బంగళా మనుషులకీ, వాళ్ళ అతిథులకీ గేటు అలాగే తెరుచుకోవాలని పద్ధతి. ఒకసారి పోట్లాడుకుని పదకొండు రోజులు మాట్లాడుకోలేదు. అప్పుడు కూడా రెక్కలు మాత్రం కలిసే కదిలాయి.

ఈ వారం గడవడం కష్టమని డాక్టరు నిన్న చెప్పి వెళ్ళాడు. అప్పట్నుంచీ నెల్‌కి ఒకటే ధ్యాస. ఆ మంచం వంటగదిలోకి తెచ్చేసుకోవాలి. పక్కన ఎవరూ లేకుండా ఆయన పోకూడదు. పొద్దున్నే వెళ్ళి బంగళా మేనేజరు ప్యూగారిని అడిగింది.

"ఇవాళ వద్దు నెల్. పాత బంగళాల మీద పుస్తకం రాసే పెద్దమనిషి లండన్ నుంచి వస్తున్నాడు. ఆయన వచ్చేసరికి బాటమీద మంచాలూ పరుపులూ ఏం బాగుంటాయి? రేపు మనుషుల్ని పంపిస్తా."

"రేపటిదాకా ఆయన ఆగకపోతేనో, అయ్యా?"

"అమోస్ మొండిఘటం. ఆగుతాడు."

మంచిగానే అన్నాడు. అందుకే ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

మధ్యాహ్నమంతా కాలుగాలిన పిల్లిలా ఆ బాట మీదే తిరిగింది. ఇక్కడుంటే అక్కడ బంగాళదుంపలు మాడాయి. అక్కడుంటే ఇక్కడ దగ్గు. మూడున్నరకి అమోస్ పాదాలు మంచులా ఉన్నాయని ఇటుక కాల్చి తేవడానికి వెళ్ళింది. దాన్ని పాత ఉన్నిగుడ్డలో చుడుతుండగా బయట కారు హారన్ మోగింది.

ఇటుక అక్కడే వదిలేసి పరుగెత్తింది. తన రెక్క తీసి కొక్కెం తగిలించి, రెండోదాని దగ్గరికి ఉరికి అదీ తీసింది. కళ్ళజోడు ముసలాయన ఒకడు కారు దిగి, వానలో తడుస్తూ, రెండు గదులకేసీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అచ్చం కవలలే! లోపల కూడా ఒకేలా ఉంటాయా అమ్మా?"

"ఒకదాంట్లో వండుకుంటాం. ఒకదాంట్లో పడుకుంటాం."

"మరి వానొస్తే?"

"తడుస్తాం."

ఆయన పకపకా నవ్వి జేబులోంచి కొలతటేపు తీశాడు. "ఈ కొస ఒక్క నిమిషం పట్టుకుంటారా?"

మా ఆయనకి బాగాలేదండీ, అనాల్సింది. బంగళా అతిథికి కాదని చెప్పడం ఆమె ఎన్నడూ నేర్చుకోలేదు. పట్టుకుంది. ఒక స్తంభం అయింది, రెండోది అయింది, గోడ అయింది. ఆమె చూపంతా పడగ్గది తలుపు మీదే ఉంది.

"చూశారా, అంగుళం తేడా లేదు!" అని మురిసిపోయి ఆయన కారెక్కాడు.

గేటు మూయకుండానే నెల్ పడగ్గదిలోకి దూసుకుపోయింది. అమోస్ మంచం అంచున కూర్చుని, దిండు మీదికి పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. రాత్రిచొక్కా మీద, గేటు తీసేటప్పుడు వేసుకునే యూనిఫాం కోటు తొడుక్కున్నాడు. ఛాతీలో గరగర లేదు.

"వస్తున్నా కదయ్యా! ఒక్క నిమిషం ఆగలేకపోయావా?" అని గట్టిగా కసిరింది. ఆ తర్వాత ఆయన మోకాళ్ళ మీద తలపెట్టి, తన మీద తనకే అసహ్యం వేసి, వెక్కివెక్కి ఏడ్చింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుంటే ఆయన కాళ్ళు కనిపించాయి. కుడికాలికి బూటుంది, తాడు పైదాకా బిగించి ముడివేసి ఉంది. ఎడమ బూటు నేలమీద ఉంది, కాలు పెట్టడానికి వీలుగా తాడంతా వదులు చేసి, బూటు నాలుక ముందుకి లాగి, గుమ్మం వైపు తిప్పి.