నల్ల బంతి దగ్గర ముట్టుకున్న చెయ్యి

మా ఆయన ఓడిపోవాలని ఎల్లమ్మకు మొక్కుకున్నాను. తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి, నాకేం సిగ్గు లేదు.

దోహాలో పెద్ద స్నూకర్ ఛాంపియన్‌షిప్, మొదటి రౌండు. అంతంత పేరున్న ఆటగాళ్ల మధ్య మా ఆయన గొల్లపల్లి జితేందర్ ఒకడు. తాటిచెట్లు ఎండిపోయి, కల్లు గీసే పని లేక, కోరుట్ల ఏజెంటును పట్టుకుని అక్కడే ఒక స్నూకర్ క్లబ్బులో బల్లలు తుడవడానికి పోయిన మనిషి. తుడుస్తూ తుడుస్తూ ఆట నేర్చాడు. అక్కడి పోటీల్లో గెలిచి ఇక్కడిదాకా వచ్చాడు. క్లబ్బు సేఠు ముందే చెప్పేశాడట, గెలిస్తే కోచ్‌గా ఇంకో మూడేళ్లు ఉంచుకుంటానని, ఓడితే వీసా అయిపోగానే ఇంటికేనని. ఇక నేనేం మొక్కుకోవాలి మీరే చెప్పండి. మా బిడ్డ నవ్య పొత్తిళ్లలో ఉన్నప్పుడు పోయాడు. ఇప్పుడది బడికి పోతోంది. బాపు అంటే దానికి ఫోనే.

ఆ సాయంత్రం బీడీల చాట ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. నవ్య ఫోన్‌ను గోడకు ఆనించింది. మా అత్త సాయవ్వ దగ్గరికి జరిగింది.

"గా పచ్చగున్నదేందే, పొలమా?"

"పొలం కాదత్తా, బల్ల. నీ కొడుకు రోజు తుడిచేది గదే."

సిగ్నల్ సరిగా లేక బొమ్మ నీళ్లలో కదిలినట్టు కదులుతోంది. చుట్టూ చీకటి, నడుమ ఆ పచ్చదనం ఒక్కటే వెలుగు. అంతమంది జనం ఉన్నా చప్పుడు లేదు. అంగీ మీద చేతుల్లేని నల్ల కోటు వేసుకున్న మనిషిని మొదట నేను గుర్తుపట్టలేదు. తల కాస్త వంచి బల్ల చుట్టూ మెల్లగా తిరిగాడు. అప్పుడు గుర్తుపట్టాను. చెట్టెక్కేముందు దాని చుట్టూ తిరిగి పైకి చూసే నడక అది.

మొదటి దెబ్బకు ముందు బల్ల చెక్కను ముట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. మా అత్త కూడా ఇక్కడ చేతులు జోడించింది. మా గీత పనివాళ్లు ఎక్కేముందు చెట్టును ముట్టుకుంటారు, దిగి కాళ్లు నేలకు ఆనాక మళ్లీ ముట్టుకుంటారు. నడుమ ముట్టుకోరు. మా మామ హన్మండ్లు బతికున్నన్నాళ్లూ ఆ లెక్క తప్పలేదు.

బంతులు దూరంగా ఎక్కడో వాన చినుకులు పడ్డట్టు టక్కుమంటున్నాయి. ఆయన వంగుతున్నాడు, లేస్తున్నాడు, ఏదో నిద్రలో నడుస్తున్నట్టు. అంత నిమ్మళంగా ఉన్న ఆ మొహం నేనెన్నడూ చూడలేదు. నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండింది. నా దగ్గరున్నన్ని రోజులు ఈ మొహం ఎక్కడ దాచిపెట్టావయ్యా అనుకున్నాను. బీడీ చుట్టాల్సిన తునికాకు చేతిలోనే ఎండిపోయింది.

ఆయనా, అవతలి ఆటగాడూ సమానంగా గెలుస్తూ ఆఖరి ఆటదాకా వచ్చారు. చివరికి బల్ల మీద తెల్ల బంతి, నల్ల బంతి మిగిలాయి.

"అమ్మా, గా నల్లది పడ్డదంటే బాపు గెలిచినట్టే," అంది నవ్య.

నల్ల బంతి బల్ల అంచు పక్కనే, రంధ్రానికి దగ్గరగా ఉంది. నేనైనా వేసేదాన్ని. అయిపోయింది, ఎల్లమ్మ నన్ను మోసం చేసిందనుకున్నాను. కానీ ఆ మొహం చూస్తూ చూస్తూ, నా నోరే నా మాట వినలేదు.

"ఎల్లమ్మ తల్లీ, పడనియ్యి," అన్నాను.

వంగబోతూ ఆయన మళ్లీ అంచు చెక్కను ముట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు.

"గిదేంది, దిగకముందే ముట్టిండు," అంది మా అత్త.

ఆయన వంగలేదు. నిలబడి అంగీ చేతిని చూసుకున్నాడు. తర్వాత చెయ్యెత్తి, అవతలి వైపున్న రిఫరీకి నల్ల బంతిని చూపించాడు, అంగీ అంచును చూపించాడు. చెక్కను ముట్టుకునేటప్పుడు గుడ్డ బంతికి తగిలిందట, బట్ట తగిలినా తప్పేనట. రిఫరీ చూడలేదు, మేమూ చూడలేదు. ఆఖరి బంతి మీద తప్పు జరిగితే ఆట అక్కడితో సరి. అవతలి ఆటగాడు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నవ్య ఏడుపందుకుంది. "ఎవలు చూడలె గద, బాపు ఎందుకు చెప్పిండు?"

"చెట్టు మీద మీ తాతను ఎవలు చూసిండ్రే?" అంది సాయవ్వ. "గాయిన కల్లుల చుక్క నీళ్లు కలుపలె."

కొంతసేపటికి ఫోన్ చేశాడు.

"ఓడిన," అన్నాడు.

"చూసిన. రెండోసారి ఎందుకు ముట్టినవ్?"

"తెల్వదు నవనీతా. చెయ్యి దానంతటదే పోయింది. నా పాణం అప్పటికే దిగినట్టున్నది."

ఎగిరి గంతెయ్యాల్సిన దాన్ని, చాట పక్కన పెట్టి ఏడ్చాను.

వీసా అయిపోయాక వచ్చాడు. జగిత్యాల బస్సు దిగి సంచి కింద పెట్టాడు. నవ్య నా కొంగు వెనక దాక్కుని, ఫోన్‌లోంచి బయటికొచ్చిన మనిషిని చూస్తోంది.

"బిడ్డా," అని చెయ్యి చాపబోయి ఆగిపోయాడు.

"దిగినవ్ గద, ఇప్పుడు ముట్టుకో," అన్నాను.

అయినా తొందరపడలేదు. ముందు అంగీ చేతిని మోచేతి పైదాకా మడిచాడు. అప్పుడు నవ్య తల మీద చెయ్యి పెట్టి, ఆ చేతిని కళ్లకు అద్దుకున్నాడు.