మత్తడికి కట్టిన వల

పరకాల దారిలో చెరువు కట్ట కిందే మొగిలమ్మ ఇల్లు. ఆమె మొగుడు సదానందం చేపల సొసైటీ ప్రెసిడెంటు. అంతటి పదవి మోస్తున్న మనిషి కదా, వానాకాలం వచ్చిందంటే ఆయన చేసే ఘనకార్యం ఒకటే: చెరువు నిండి నీళ్లు పొర్లిపోయే మత్తడికి అడ్డంగా నైలాన్ వల కట్టించడం. నీళ్లు పోవాలట, చేపలు పోకూడదట. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి ఆ వలకు అంటుకుంటే నీళ్లు కూడా పోవని ఆ బుర్రకు తట్టదు.

కొత్తగా వచ్చిన ఇంజనీరు యమున కట్ట మీద నిలబడి చెప్పింది. "కాకా, వల తీపియ్యున్రి. రేపు పెద్ద వాన పడొచ్చంటున్నరు. నీళ్లు పైకెక్కితే మట్టికట్ట ఆగదు."

"పడొచ్చా, పడ్తదా?"

"చెప్పలేం కాకా. కట్ట తెగకపోవచ్చు గూడా. తెగితే మాత్రం కింద ఇండ్లున్నయ్."

సదానందం మీసం దువ్వుకుని సొసైటీవాళ్ల వైపు తిరిగాడు. "ఇన్నరా? పడొచ్చంటది, తెగకపోవచ్చంటది! గింత తెల్వకుంటె ఏం సదువు సదివినవ్ మేడం? కట్టమైసమ్మకు మేకను మొక్కిన. ఫికర్ లేదు."

"మేకకు ఈతొస్తదా?" అంది మొగిలమ్మ. "మైసమ్మ ముంగట మేకను కట్టేస్తవ్ సరే, మీ అవ్వను ఏడ కట్టేస్తవ్? మంచంలకెళ్లి లేవదాయె."

"ఆడోళ్లకు గివన్ని తెల్వయ్" అన్నాడా మహానుభావుడు.

తెల్లారి సన్న తుంపర్లోనే గొడుగేసుకుని మేకను బేరమాడడానికి పరకాల పోయాడు. ఆయన మలుపు తిరిగాడో లేదో, మొగిలమ్మ పక్కింటి సోమక్కను వెంటేసుకుని మత్తడికి పోయి, కొడవలితో వల తాళ్లు కోసేసింది.

మధ్యాహ్నానికి ఆకాశం విరిగి పడింది. గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా కొట్టుకొచ్చి మత్తడి మీంచి దొర్లిపోయింది. దాని వెంట చేపలూ పోయాయి. నీళ్లు కట్ట అంచు దాకా వచ్చి, ఆగి, మెల్లగా దిగాయి.

వానకు పరకాలలో చిక్కుకున్న సదానందం మర్నాడు మేకతో దిగాడు.

"వల ఎవలు కోసిండ్రే?"

"నేనే."

"నీ చెయ్యి ఇరగ! కట్ట తెగిందా? ఇల్లు మునిగిందా? ఏం గాలే గదా! ఉత్తగనే చాపలన్ని పాయె!"

వల ఉంటే తెగేదో లేదో మొగిలమ్మకూ తెలియదు. ఇంజనీరమ్మే ఆ మాట తన నోటితో ఒప్పుకుంది. కానీ ఇల్లు మునగలేదని ఇంతలా ఏడ్చే మగవాణ్ణి మాత్రం మొగిలమ్మ ఇప్పుడే చూస్తోంది.

"మొగిలీ, గా ఒర్రేది నా కొడుకేనా?" అని లోపలి మంచంలోంచి అత్త బక్కమ్మ అడిగింది. "జర అన్నం పెట్టు. నోరు మూస్తడు."

మొగిలమ్మ పెట్టింది. కంచంలో ఉత్త పచ్చిపులుసు చూసి, "చాపేదే?" అన్నాడు అలవాటుగా.

"కిందికి పోయింది. మీ అవ్వ పోలే. తిను."