చాయ్ తాగే సిపాయి సినిమా

కార్గిల్ యుద్ధం ముగిసి ఏడాదైనా మరమగ్గాల పేట కామత్‌ఘర్‌లో తుపాకుల మోజు తగ్గలేదు. అందుకే వీడియో హాలు దత్తు గోడమీద ట్యాంకు బొమ్మ అంటించేసరికి, సాంచలకు, అంటే ఆ మరమగ్గాలకు, సెలవైన ఆ శుక్రవారం మ్యాట్నీకి జనం తోసుకుంటూ వచ్చిపడ్డారు. తీరా చూస్తే పేర్లు పడేలోపే యుద్ధం అయిపోయింది. ఆ పైన అంతా ప్రేమే, అదీ నత్తనడక ప్రేమ. పాతకాలపు కోటు తొడుక్కున్న సిపాయి చనిపోయిన దోస్తు ఇంటికి వస్తాడు. దోస్తు భార్య చాయ్ ఇస్తుంది. తాగుతాడు, వెళ్లిపోతాడు. మర్నాడు మళ్లీ వస్తాడు.

"వీడు అడిగేటాల్లకు ఆమెకు పండ్లూడుతయ్!" అని ముందు వరసలోంచి అరిచింది పోచవ్వ.

హాలంతా గొల్లున నవ్వింది. సిద్ధిరాములు ఒక్కడే నవ్వలేదు. ఆ మాట సూటిగా వచ్చి అతనికే తగిలింది మరి.

సిద్ధిరాములు సాంచలు నడుపుతాడు. భార్య పోయి ఆరేళ్లయింది. అదే కార్ఖానాలో నూలు కండెలు చుట్టే బుచ్చమ్మకు మొగుడు పోయి నాలుగేళ్లు. ఆమెను చేసుకోవాలని మూడేళ్లుగా ఇతని ప్రాణం కొట్టుకుంటోంది. ఆ మూడేళ్లలో ఆమెతో అన్నది మాత్రం ఒక్కటే మాట: "ఇంకో నాలుగు కండెలియ్యి." మనిషి బంగారమే, కాని అసలు సంగతి దగ్గరికొస్తే బెల్లం కొట్టిన రాయి. ఈలోగా కాల్హేర్ గోదాములో మూటలు మోసే యాదయ్య పెళ్లి కబురు పంపాడు. ఇవాళ సాయంత్రమే అతనికి మాటిచ్చేస్తానని బుచ్చమ్మ మేనత్త పోచవ్వ పొద్దున్నే వాడకట్టంతా చాటింది. ఆ యాదయ్యే ఇప్పుడు సిద్ధిరాములు పక్కన కూర్చుని సమోసాలు తింటున్నాడు. ఒకటి ఇతనికీ పెట్టాడు. అతను మంచివాడు కావడమే పెద్ద చిక్కు.

ఎట్టకేలకు సినిమాలో సిపాయి లేచి నిలబడ్డాడు. కప్పు కింద పెట్టాడు. పెదవులు విప్పాడు. సరిగ్గా అప్పుడే స్పీకరు ఒక్క కూత పెట్టి చచ్చింది.

దత్తు తిట్టుకుంటూ లైట్లు వేసి వైర్లు పీకసాగాడు. టీవీలో బొమ్మ మాత్రం నడుస్తూనే ఉంది. జనం ఏమీ కంగారుపడలేదు. సాంచల మోతలో పక్కవాడి కేక కూడా వినబడదు గనక, అక్కడ పనిచేసేవాళ్లంతా పెదవులు చూసే మాట పట్టేస్తారు. అందరూ టీవీ వైపు మెడలు చాచారు.

"ఏమంటున్నడే అత్తా?" అంది వెనక కూర్చున్న బుచ్చమ్మ.

"చాయ్‌ల చక్కెర జర ఎక్కువైందట!" అని నెత్తి కొట్టుకుంది పోచవ్వ.

సిద్ధిరాములుకు ఒళ్లు మండిపోయింది. సిపాయి మీద కాదు, తన మీదే. వాడికి ఇంకో గంట సినిమా ఉంది, తనకున్నది సాయంత్రం వరకే. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు టీవీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడో అతనికే తెలియదు. బుచ్చమ్మ తలెత్తి చూసింది. చప్పుడు లేకుండా అతని పెదవులు కదిలాయి: "యాదయ్య వద్దు. నన్ను చేసుకో బుచ్చమ్మా. నువ్వు లేకుంటే నాతోని కాదు."

ఎవరికీ వినబడకుండా గుట్టుగా అడిగాననుకున్నాడు, పిచ్చి మారాజు! హాలంతా ఆ మాట పట్టేసింది.

"ఓయమ్మో, అడిగిండే!" అంది పోచవ్వ.

గోదాములో పనిచేసే యాదయ్యకు ఒక్కడికే ఏమీ అర్థం కాలేదు. సగం తిన్న సమోసా పట్టుకుని "ఏమన్నడు? ఏమన్నడు?" అని అటువాణ్ణీ ఇటువాణ్ణీ అడుగుతున్నాడు. పాపం, ఏ నోటితో చెబుతారు?

బుచ్చమ్మే లేచింది. కొంగు సర్దుకుంది. గొంతెత్తి అందరికీ వినబడేలా చెప్పింది: "నన్ను చేసుకుంటడట, యాదన్నా. మూడేండ్లకు నోరొచ్చింది. నేను సరే అంటున్న. మా అత్తకు నువ్వే జర చెప్పు."

అన్నా అని పిలిచాక ఇంకేముంది? యాదయ్య మనసు చివుక్కుమంది, ఎందుకు మనదూ? అయినా లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని, పోచవ్వ ముందుకెళ్లి నిలబడ్డాడు.

"అవ్వా, మా చెల్లెను సిద్ధిరాములుకే ఇయ్యి" అన్నాడు.

అంతమంది ముందు సిద్ధిరాములు భోరున ఏడ్చేశాడు.