హైమ గుండెలో నిలవలేకపోయాను

నేను ఒక గొడుగును. వానకు కాదు, పిల్లల గుండెలో చిల్లు మూయడానికి సన్నని తీగతో అల్లినదాన్ని. ఆ రోజు ఇంట్లో పిచ్చమ్మ, ఆమె కోడలు కోటేశ్వరి, పదో తరగతి చదివే మనవరాలు హైమ ఉన్నారు. నాగరత్నం అనే ఆవిడ చిన్న కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. దేవుడి గూట్లో, సీసాలో నేనున్నాను.

హైమ చిన్నప్పుడు తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నటి గొట్టంలో నన్ను గుండెదాకా తీసుకెళ్లారు. ఛాతీ మీద కోత ఉండదు, రెండు మూడు రోజుల్లో ఇంటికెళ్లిపోవచ్చు. లోపల విచ్చుకున్నాను. ఆ వెచ్చదనంలో, ఆ కొట్టుకోవడంలో ఉండిపోదామనుకున్నాను. కానీ నేను పట్టుకోవడానికి చిల్లుకు ఒకవైపు అంచే లేదు. డాక్టరు మెల్లగా లాగి చూస్తే జారిపోయాను. వెనక్కి తీసేశారు. తర్వాత ఛాతీ కోసి, ఆమె గుండె మీది పొరలోంచే చిన్న ముక్క తీసి అతుకు వేశారు. నాకు దక్కని చోట ఆ ముక్క హాయిగా ఉంది.

ఇక ఎవరికీ పనికిరానని డాక్టరు నన్ను సీసాలో వేసి హైమకిచ్చాడు. మనవరాలి గుండెను తాకి వచ్చానని పిచ్చమ్మ నాకు రోజూ బొట్టు పెడుతుంది. ఆడపిల్లకు మచ్చేమిటని కోటేశ్వరి చుడీదార్ మెడ గొంతుదాకా కుట్టిస్తుంది. కోత మాట దాచి, ఇలాంటి గొడుగే లోపల ఇంకోటి ఉందని ఊరందరికీ చెప్పింది.

నాగరత్నం అది నమ్మే వచ్చింది. తన పాప గుండెలో చిల్లుకూ అంచు లేదట, ఆపరేషనే చేయాలన్నారట. వద్దని వచ్చేసి, గొడుగు వేసే డాక్టరు కోసం తిరుగుతోంది. పాప పెదాలు నీలంగా లేవు గానీ, రెండు మాటలకే ఆయాసపడుతోంది. పిచ్చమ్మ సీసా మూత తీసి నన్ను ఆవిడ అరచేతిలో పెట్టింది. ఆ డాక్టరు ఫలానా చోట ఉన్నాడంటూ కోటేశ్వరి ఏదో ఊరి పేరు చెప్పబోయింది.

కొత్తవాళ్ల ముందు నోరు విప్పని హైమ గదిలోంచి వచ్చి, మెడ దగ్గరి గుండీలు రెండు తీసింది.

"పిన్నీ, అది నాకు ఆగలేదు. కోసే కుట్టారు."

పాప వేలితో ఆ కోత గీతను తాకింది. "నొప్పా?"

"అప్పుడు చాలా నొప్పి. ఇప్పుడు పరిగెత్తుతున్నా."

నాగరత్నం చాలాసేపు ఆ మచ్చనే చూసింది. "అయితే మా డాక్టరుకు సరేనని చెప్పమంటావా?" అని కోటేశ్వరిని కాదు, హైమను అడిగింది.

హైమ తలూపింది. కోటేశ్వరి ఆమె భుజం పట్టి గదిలోకి నెట్టి తలుపు మూసింది. ఆ గుండె నాకు మళ్లీ అవతలైపోయింది.