సింధు గుప్పిట్లో గింజలెన్ని

నేను ఒక పేకదస్తాను. నన్ను చేసింది పుష్పలీల. ముందు ఆమె భయం సంగతి చెబుతాను, ఎందుకంటే నేను ఆ భయంలోంచే పుట్టాను. తన కూతురి మంచం ఒక రోజు ఖాళీగా ఉంటే, ఎందుకు ఖాళీగా ఉందని అడిగే మనిషి ఒక్కరైనా ఉంటారో ఉండరోనని ఆమెకు భయం. బిడ్డకు ఏమవుతుందోనన్న దిగులు ఎటూ ఉంది. ఆమెను లోపల్నుంచి తినేది మాత్రం ఈ రెండోదే.

నాలో అరవై నాలుగు ముక్కలున్నాయి. రాజు, రాణి, జాకీ లేరు. పెళ్లిపత్రికలు అచ్చువేసే దుకాణంలో పేర్లు తప్పుపడి పక్కన పారేసిన పత్రికల్లోంచి నన్ను కోశారు. పుష్పలీల ఆ దుకాణంలో పత్రికలు మడిచి కవర్లలో పెట్టే పని చేసేది. తొమ్మిదో తరగతిలోనే పెళ్లి చేసి బడి మాన్పించారు గాని, అక్షరం కనబడితే చదవకుండా వదలదు. మడుస్తూ మడుస్తూ వరుడి పేరు, వధువు పేరు, ముహూర్తం అన్నీ చదివేది. అందుకే నా ముక్కల వెనక సగం గణపతి, పావు మామిడాకు, ఎవరో చిరంజీవి సౌభాగ్యవతి పేరులో చివరి రెండక్షరాలు ఉంటాయి. అంతమంది దీవెనలు వీపున మోస్తూ లోకంలోకి వచ్చాను. వెళ్ళింది మాత్రం పిల్లలకు రక్తం ఎక్కించే వార్డుకు.

పుష్పలీల కూతురు తన్వికి ఏడేళ్ళు. పుట్టిన ఏడాదికే తెలిసింది, ఆ పిల్ల ఒంట్లో రక్తం నిలవదని. ఇరవై ఒక్క రోజులకొకసారి జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్ళి ఎక్కించాలి. ఒక్కో సంచీ చుక్కచుక్కగా దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆ గంటల్లో పిల్లలు పైకప్పు చూస్తూ పడుకునేవారు, తల్లులు సంచీ చూస్తూ కూర్చునేవారు. ఎవరూ ఎవరితో మాట్లాడేవారు కాదు. ఒకసారి మూలమంచం పిల్లవాడు రావడం మానేశాడు. నెల తిరగకముందే ఆ మంచం మీద మరో పిల్ల పడుకుంది. వాడి పేరేమిటని పుష్పలీల అడిగితే వార్డులో ఎవరూ చెప్పలేకపోయారు. ఆమెకు భయం పట్టుకున్నది ఆ రోజే.

ఎవరో పుణ్యాత్ములు వార్డుకు ఇచ్చిపోయిన బొమ్మల సంచిలో ఒక ఇంగ్లీషు ఆట పెట్టె ఉండేది. అందులో ముక్కలన్నీ పోయి, ఎలా ఆడాలో రాసిన కాగితం ఒక్కటే మిగిలింది. కిటికీ పక్క మంచం ఇర్ఫాన్‌కు పదమూడేళ్ళు, ఇంగ్లీషు బళ్ళో చదువుతాడు. వాడు చదివి చెప్పాడు.

"ఆంటీ, ఇందులో ఒకళ్ళ మీద ఒకళ్ళు ఆడరు. అందరు కలిసి రాక్షసుని మీద ఆడుతరు. గెలిస్తే అందరు, ఓడితే అందరు."

ఆ మాట పుష్పలీల మనసులో పడిపోయింది. కథ ఆమే అల్లుకుంది. ఎండు రక్కసి అని ఒకతి ఊరి ఊటను మింగి గుట్ట మీది కోటలో కూర్చుంటుంది. ఊరివాళ్ళు నలుగురు కోటకెక్కి ఊటను విడిపించాలి. నలుగురికి నాలుగు వేషాల ముక్కలు. దారి ముక్కలు ఇరవై, ఆపద ముక్కలు ఇరవై, సాయం ముక్కలు ఇరవై. ఒక్కొక్కరికి ఐదు చింతగింజలు, అవే ప్రాణం. తన వంతు వచ్చినవాళ్ళు ఒక దారి ముక్క తిప్పి ముందుకు నడవాలి, తర్వాత ఒక ఆపద ముక్క తిప్పాలి. ఆపద గింజల్ని తింటుంది, సాయం వాటిని తిరిగి ఇస్తుంది. నలుగురిలో ఏ ఒక్కరి గింజలు అయిపోయినా అందరూ ఓడినట్టే.

పేర్చడంలో ఒక కిటుకుంది. ఆపద ముక్కల్లో రక్కసి ముక్కలు మూడు. వాటిని పక్కకు తీసి, మిగతావి కలిపి మూడు కుప్పలు చేసి, కుప్పకొక రక్కసిని దూర్చి మళ్ళీ కలిపి, ఒకదాని మీద ఒకటి పెట్టాలి. అప్పుడు ఆమె ఒకేసారి మీద పడదు, అలాగని వదిలిపెట్టదు. ఇరవై ఒక్క రోజులకోసారి సూది గుచ్చించుకునే పిల్లలకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

మొదటి రోజే నా పరువు పోయింది. మూడు రక్కసి ముక్కలూ ఒకే పెళ్లిపత్రికలోంచి కోసినవి, మూడింటి వెనకా ఆకుపచ్చ అంచు. తన్వి కనిపెట్టేసి, "అమ్మా, పచ్చ పెళ్లి వస్తున్నది, ప్రాణాలు పోతయ్!" అని అరిచింది. వార్డంతా నవ్వింది. పుష్పలీల ఇంటికెళ్ళి నా వీపులన్నిటికీ గోధుమరంగు కాగితం అంటించింది. మనుషుల ఆశీర్వచనాలు ఇప్పటికీ ఆ కాగితం కిందే ఉన్నాయి.

ఎస్తేరు సిస్టర్ నన్ను చూడగానే మండిపడింది.

"ఏందమ్మా ఇది, వార్డుల పేకాట పెట్టినవా? పెద్దసారొస్తే నా ఉద్యోగం ఊడ్తది."

"పైసల పేక కాదు సిస్టర్. ఒకళ్ళని ఒకళ్ళు ఓడగొట్టేది లేదు ఇందులో."

"కొట్లాట లేకుంటే అది పేకెట్ల అయితది?" అంటూనే సిస్టర్ నడుం మీద చెయ్యేసుకుని పావుగంట నిలబడి చూసింది. పోతూ పోతూ, "ఆ ముక్క మీద గీసిన వైద్యురాలి నెత్తి మీద టోపీ తీసెయ్. ఇప్పుడెవలు పెడుతున్నరు?" అంది.

వైద్యురాలు తన్వి. విలుకాడు ఇర్ఫాన్. కావలిమనిషి పుష్పలీల, మంచాల మధ్య స్టూలు మీద. నాలుగోది దారి చూపే పిల్ల. ఆ ముక్క సింధుది.

సింధుకు పదేళ్ళు. ఏడుబండల తండా నుంచి నాయనమ్మ ద్వాళితో వచ్చేది. తల్లి లేదు. తండ్రి ఎక్కడో మేస్త్రీ దగ్గర పనికి పోతే పండక్కి కూడా రాడు. తండా నుంచి మోదుగుల క్రాస్‌రోడ్డు దాకా నడిచి, వాగు దాటి, అక్కడ బస్సెక్కి రావాలి. సన్నగా, పసుపుపచ్చ కళ్ళతో ఉండే ఆ పిల్లే నన్ను ఎలా ఆడాలో అందరికీ నేర్పింది.

ఆడిన ఆటలన్నీ ఓడారు, మొదటి పదకొండూ తమ తప్పుతోనే. మనుషులు కదా, సాయం ముక్క దొరికితే ఎవరిది వాళ్ళు ఒళ్ళో దాచుకునేవారు. ఇర్ఫాన్ ఒకసారి నాలుగు సాయం ముక్కలు చేతిలో పెట్టుకునే ఓడిపోయాడు, ఎందుకంటే పక్కమంచంలో తన్వి గింజలు అయిపోయాయి. సింధు మాత్రం తనకు దొరికిన మొదటి ముక్కనే తన్వి దుప్పటి మీద పెట్టింది.

"పిచ్చా నీకు? రక్కసి రాలేదింక. దాచుకోరాదూ?" అన్నాడు ఇర్ఫాన్.

"ఆమె గింజలు అయిపోతే నేను ఎట్లనూ ఓడిపోత గద. మరి దాచుకొని ఏం జేసుకోవాలె, చారు పెట్టుకోవాల్నా?"

ఇర్ఫాన్ తన ఒళ్ళోని ముక్కను కూడా తన్వి దుప్పటి మీదికి జరిపాడు.

మంచం మీద గింజలు పెడితే దొర్లిపోయేవి. అందుకని సూది లేని చేతి గుప్పిట్లో పట్టుకునేవారు. ఎవరి గుప్పిట్లో ఎన్నున్నాయో పక్కవాళ్ళకు కనబడదు. అలా ఒక ఆనవాయితీ మొదలైంది. ఆపద ముక్క తిప్పేముందు ఒకరు "గింజలెన్ని?" అని అడగాలి, అందరూ వరసగా చెప్పాలి. "నాకు నాలుగు." "నాకు రెండు." ఎవరికి తక్కువైతే సాయం వాళ్ళకు. నా ఆటలో ఇంతకన్నా గొప్ప ఎత్తు లేదు. కొన్నాళ్ళకు ఆటలో లేని తల్లులు కూడా వార్డులోకి వస్తూ "ఏం లీలా, గింజలెన్ని?" అనడం మొదలుపెట్టారు. పుష్పలీల భయం కాస్త నెమ్మదించింది. అడిగే మనుషులు దొరికారనుకుంది.

ఆఖరుసారి సింధు తన తేదీకి ఎనిమిది రోజులు ఆలస్యంగా వచ్చింది. వాగు పొంగి దారి లేదట. గేటు నుంచి ద్వాళి చంకనేసుకుని తెచ్చింది. పదేళ్ళ పిల్లను చంకనేసుకుని నడవగలిగిందంటే బరువెంతుందో చూసుకోండి. రక్తం సంచులు అందక ఇర్ఫాన్, తన్వి తేదీలు కూడా ఆ రోజుకే జరిగాయి. రక్తం మొదలవగానే సింధు, "పేక పంచండి" అంది.

"గింజలెన్ని?" అని అడిగింది పుష్పలీల.

"నాకు మూడు," అంది సింధు.

తన్వికి రెండే ఉన్నాయి. సాయం తన్వికి వెళ్ళింది. తర్వాతి ముక్క రక్కసి, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో గింజ తింటుంది. సింధు గుప్పిట విప్పితే లోపల ఉన్నది ఒక్కటే. అది కూడా రక్కసిది అయిపోయింది.

"మూడంటివి గదనే!" అని ఇర్ఫాన్ కేకేశాడు. "దొంగలెక్క చెప్తే ఎట్ల ఆడాలె?"

"ఆ పాప చిన్నది," అంది సింధు తన్విని చూపించి.

ద్వాళి మనవరాలి నుదురు తుడుస్తూ, "ఇంటికాడ గూడ గిట్లనే బిడ్డా," అంది పుష్పలీలతో. "తిన్నవా అంటే తిన్న అంటది. నొస్తున్నదా అంటే లే అంటది."

పుష్పలీల ఆ మాట విన్నది. ఆ క్షణాన తన్వికి చలి పుట్టి వణుకుతుంటే దుప్పటి సర్దడంలో పడి, విని వదిలేసింది.

తర్వాతి తేదీకి సింధు రాలేదు. వాగు అనుకున్నారు. ఆమె మంచం ఇంకెవరికీ ఇవ్వొద్దని పిల్లలు సిస్టర్ కాళ్ళావేళ్ళా పడ్డారు. దారి చూపే పిల్ల ముక్కను దిండు మీద పెట్టారు, ఐదు గింజలు పక్కన పేర్చారు. ఆమె వంతు వస్తే అందరూ కలిసి ఆడారు. "గింజలెన్ని?" అంటే "సింధుకు ఐదు!" అని తన్వే చెప్పేది. ఒకటి తగ్గితే చాలు, ముగ్గురూ సాయం ముక్కలతో ఎగబడేవారు. ఇలా రెండో తేదీ గడిచింది. మూడో తేదీన వాళ్ళు మొట్టమొదటిసారి గెలిచారు. రక్కసి కోట కూలింది, ఊట విడుదలైంది. ఇర్ఫాన్ సూది చెయ్యి కూడా ఎత్తి అరిచాడు. ఎస్తేరు సిస్టర్ చప్పట్లు కొట్టింది.

పుష్పలీల గింజలు ఎత్తి డబ్బాలో వేస్తూ దిండు దగ్గరికి వచ్చి ఆగింది. దిండు మీద నిండా ఐదు గింజలు. వాటిని ఎత్తకుండా వేళ్ళ మీద తేదీలు లెక్కపెట్టింది, నేను ఆమె రెండో చేతిలోనే ఉన్నాను. సింధును చూసి అరవై మూడు రోజులు. ముక్కకు అంత బాగా సాయం చేస్తూ, మనిషి గురించి ఒక్కసారి అడగలేదు. దిండు మీద గింజలు తగ్గకపోతే అక్కడ పిల్లకు కూడా తగ్గడం లేదని ముగ్గురూ ఎలా నమ్మారో! మంచం ఖాళీ అయితే అడిగేవాళ్ళే ఉండరేమోనని ఇన్నాళ్ళు భయపడింది. అడగనివాళ్ళలో మొదటి మనిషి తానే.

"సిస్టర్, సింధు ఎందుకొస్తలేదు?"

"వేరేకాడ ఎక్కించుకుంటున్నరేమో."

"ఎవలు చెప్పిన్రు?"

సిస్టర్ వార్డు పుస్తకం తెరిచింది. ఎవరూ చెప్పలేదు. పుస్తకంలో రాసిన ఫోను నంబరు పక్కింటివాళ్ళదట, ఎన్నిసార్లు కొట్టినా పలకలేదు. తానే తండాకు పోదామనుకుంది పుష్పలీల. అంతలోనే తన్వికి ఒళ్ళు కాలిపోయే జ్వరం, వార్డులోనే ఉంచేశారు. అప్పుడు ఇర్ఫాన్ చెప్పాడు, నాతో వేసిన ఎత్తుల్లోకెల్లా పెద్ద ఎత్తు.

"ఆంటీ, ఉత్తరమొక్కటే పంపకు. పేక మొత్తం పంపు, గింజలతో సహా. పేక ఆమెకాడుంటే మనం ఆడలేం. మనం ఆడలేమంటే ఆమె తెచ్చియ్యనీకన్న వస్తది. సింధు గదా, వస్తది."

నన్ను బిస్కెట్ల రేకుడబ్బాలో సర్ది, మూత లోపల ఉత్తరం అంటించి, మోదుగుల వైపు వెళ్ళే బస్సు కండక్టరమ్మ చేతికిచ్చింది పుష్పలీల. "క్రాస్‌రోడ్డు మీద చాయ్ బండి ఉంటదక్కా. ఏడుబండల తండా ద్వాళి మనవరాలికి అని చెప్పు. నీకు దండం బెడ్త."

కండక్టరమ్మ మంచిదే. ఆ రోజు చాయ్ బండి తెరవలేదు. రోడ్డు మీద మనిషి లేడు, బస్సు ఆపి రెండుసార్లు హారన్ కొట్టించింది కూడా. రేపిద్దామని తన సీటు కింద పెట్టుకుంది. తెల్లారి ఆమెను వేరే రూటుకు వేశారు. సీటు కింద నుంచి నేను డిపోకు చేరాను. ఇప్పుడున్నది ఎవరూ అడగని సామాన్ల గదిలో, ఒక గొడుగుకూ సగం చిరిగిన బియ్యం సంచికీ మధ్య. మూత తుప్పు పట్టడం మొదలైంది. డబ్బా ఎవరైనా కదిలిస్తే నాలోని చింతగింజలు గలగలమంటాయి. ఎన్ని రోజులైందో నాకు తెలియదు. ఇరవై ఒకటి దాటిందని మాత్రం అనిపిస్తోంది. పుష్పలీల నేను చేరాననే అనుకుంటూ ఉంటుంది. వార్డు తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూస్తూ ఉంటుంది.

నా మాట మీ చెవిన పడింది గనుక అడుగుతున్నాను. మోదుగుల క్రాస్‌రోడ్డు దగ్గర బస్సు దిగండి. వాగు దాటి, కుడిచేతి వైపు బాటలో నడిస్తే ఏడుబండల తండా వస్తుంది. ద్వాళి ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. నన్ను తీసుకెళ్ళలేకపోయినా ఫరవాలేదు. సింధు ఉందేమో చూడండి. ఉంటే, "గింజలెన్ని?" అని అడగండి.

ఐదు అంటుంది. నమ్మకండి. గుప్పిట విప్పించి మీరే చూడండి.