వెనక చక్రం మీది చోటు

కొత్తగూడెంలో టైర్ల దుకాణం నడిపే జయప్రకాశ్ గారు మా పాత వ్యాన్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఏం లోడేస్తారు దీంట్లో?" అని అడిగారు.

"లోడేం లేదు సార్. మనుషులే," అన్నాడు బా.

మేం నాన్నను బా అంటాం, అమ్మను యాడి అంటాం. బా అబద్ధం చెప్పలేదు. ములకలపల్లి అవతలి మా తండా నుంచి ఆడవాళ్లను కూలిపనులకు చేన్లకు తీసుకెళ్లడమే మా వ్యాన్ పని. మనుషులు ఎక్కుతారు, దిగుతారు. వాళ్లను బరువని మేమెప్పుడూ అనుకోలేదు.

"బస్తా పెట్టినచోట ఉంటుంది పెద్దాయనా. మనుషులు మలుపు రాగానే ఒకరి మీద ఒకరు పడతారు. ఈ టైర్లు ఎక్కడివి?"

"కారుకు విప్పినయి. సైజు సరిపోయింది."

"నా చొక్కా నీకు సరిపోతుంది. నువ్వు మోసే మూట నేను మోస్తానా?" అన్నారాయన. ఆయనది మధిర వైపు. మాట మెత్తగా ఉంటుంది గాని గుచ్చుకుంటుంది.

బా తల దించుకున్నాడు. పత్తి ఏరే రోజుల్లో అలాంటి టైరే అడవి దారిలో పగిలింది. వ్యాన్ ఒరిగి మద్దిచెట్టుకు ఆనుకుంది. అందరూ బాగానే దిగారు, యాడికి మాత్రం భుజం వాచింది. వెనక చక్రం పైన ఉబ్బిన రేకు మీద కూర్చునేది ఆమే. కుదుపు ఎక్కువని అక్కడ ఇంకెవరూ కూర్చునేవారు కాదు. టైర్లు మార్చమని వానాకాలం నుంచీ చెబుతూనే ఉంది. బా "చూద్దాం" అంటూనే ఉన్నాడు. ఆ రోజు ఆమె మళ్లీ వ్యాన్ ఎక్కలేదు. అట్నుంచి అటే నడిచి తన తమ్ముడి తండాకు వెళ్లిపోయింది.

ఫోన్ చేస్తే నాతో మాట్లాడుతుంది. బా మాట ఎత్తితే, "కోళ్లను గంపకింద కమ్మినవా?" అంటుంది.

పొద్దున వ్యాన్ ఎక్కేటప్పుడు నాకు చెయ్యి అందించేది యాడే. ఆ చేతికి ఎప్పుడూ వేడి రొట్టెల వాసన. ఇప్పుడు తలుపు ఊచ పట్టుకుని ఎక్కుతున్నాను. మంచుకు ఊచ చల్లగా తగులుతుంది.

జయప్రకాశ్ గారు రెండు టైర్లు దొర్లించుకుని వచ్చారు. రెండూ ఒకే సైజు. ఒకదాని మీద సైజు పక్కన ఎనభై ఎనిమిది అని ఉంది, రెండోదాని మీద తొంభై తొమ్మిది.

"ఇవి కిలోలు కాదు. టైరు ఎంత మోస్తుందో చెప్పే గుర్తు. ఎనభై ఎనిమిది కార్లకు, తొంభై తొమ్మిది అంతకన్నా ఎక్కువ మోస్తుంది. మీ డోరు దగ్గర కంపెనీ స్టిక్కరుంటే మీకేది కావాలో అదే చెప్పేది. దాని మీద రంగేశారు. సరే, ఆర్‌సీలో బండి బరువు చూస్తాను, మీరు ఎవరెవరు ఎక్కుతారో చెప్పండి."

బా రెండు చేతుల వేళ్లూ మడుస్తూ ఒక్కొక్కరి పేరు చెప్పాడు. చివర్లో బాలి, సోని, వాళ్ల అత్త, నేను. చివరి వేలు మడవకుండా ఆగిపోయాడు.

"వెనక చక్రం మీద యాడి," అన్నాను.

"ఆమె వస్తదో రాదో బిడ్డా."

"బరువు చెప్పాలె గద బా."

జయప్రకాశ్ గారు మా ఇద్దరినీ చూశారు. "కలపండి. మనిషి రాకపోతే టైరుకేం నష్టం లేదు. వచ్చాక చాలకపోతేనే తప్పు. ఒక్క మాట, టైరు గట్టిదని ఇంకా ఎక్కించకండి. బండి పాతదే."

లెక్క చూసి తొంభై తొమ్మిదివే బిగించారు.

తిరుగుదారిలో బా బండిని మామ తండా వైపు తిప్పాడు. యాడి వాకిట్లో చింతపండు కొడుతోంది. బా వైపు చూడలేదు. వ్యాన్ దగ్గరికి వచ్చి, వెనక చక్రం ముందు కూర్చుని, కొంగుతో మట్టి తుడిచింది. అంకెల మీద వేలు పెట్టింది.

"ఏందిది?"

"ఎంత మోస్తదో. నిన్ను గూడ కలిపి లెక్కేసినం," అన్నాను.

"నన్నెవరు కలపమన్నరు?"

"బిడ్డ కలిపింది. నేను వద్దనలే," అన్నాడు బా, స్టీరింగ్ వదలకుండా.

"వద్దనలేదంట. గంత మాటకు ఆటో కూడ ఆగదు," అంది యాడి. నాకు నవ్వొచ్చింది. ఆమె నా జడకు అంటిన దుమ్ము దులిపి, మళ్లీ చింతపండు ముందు కూర్చుంది. "చూద్దాం," అంది.

అది బా మాటే. అది విన్న బా వెంటనే ఇంజన్ ఆన్ చెయ్యలేదు.

మిరపకోతలు సాగుతున్నాయి. వెనక చక్రం మీద ఎవరూ కూర్చోవడం లేదు. ఒకరోజు బాలి అక్కడ సద్దిగిన్నె పెట్టి, ఏమనుకుందో, తీసి ఒళ్లో పెట్టుకుంది. మామ తండా మలుపు దగ్గర బా రోజూ వేగం తగ్గిస్తాడు. టైర్లు కొత్తవి కదా, ఎందుకంత మెల్లగా అని ఎవరూ అడగరు.

నేనిప్పుడు తలుపు పక్కనే కూర్చుంటున్నాను. ఆ మలుపులో ఎవరైనా నిలబడి ఉంటే చెయ్యి అందించాలి కదా.