ఒకటో నంబరు ప్రేక్షకురాలు

నేనొక డబ్బాని. మీరు కందిపప్పు పోసుకునే డబ్బాని కాదు. టీవీ పక్కన కూర్చుని ఆ ఇంట్లో ఎవరు ఏ కార్యక్రమం ఎంతసేపు చూశారో లెక్కకట్టి కంపెనీకి పంపే డబ్బాని. ఏడాది చివర "ఈ సంవత్సరం ప్రేక్షకులు మెచ్చిన కార్యక్రమాలు" అంటూ పూలదండలు కట్టి, పొగలు వదిలి, టీవీలో హడావిడి చేస్తారే, ఆ మెప్పు పుట్టేది నా పొట్టలోంచే. నాలాంటిదొకటి ఉందన్న సంగతే మీలో చాలామందికి తెలియదు. "ఈ దిక్కుమాలిన సీరియళ్లు ఎవరు చూస్తారండీ!" అని పెళ్లిభోజనాల దగ్గర ఒకరినొకరు అడుగుతూ ఉంటారు. ఎవరు చూస్తారో నాకు తెలుసు. తెలుసు కాబట్టే నాకింత రోత.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. బొంబాయి అవతల ఒక రేకుల షెడ్డులో, ఆవులిస్తూ పనిచేసే ఒక అమ్మాయి చేతిలో తయారయ్యాను. నాతోపాటు చిన్న రిమోట్ ఒకటి పుట్టింది. దాని మీద అంకెలుంటాయి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో అంకె. టీవీ ముందు కూర్చున్నవాళ్లు తమ అంకె నొక్కాలి, లేచేటప్పుడు మళ్లీ నొక్కాలి. ఎవరూ నొక్కకపోతే నా ముఖాన ఎర్రదీపం వెలిగి ఆరుతూ "ఎవరయ్యా చూస్తున్నది?" అని అడుగుతుంది. అప్పటికీ నొక్కలేదా, ఎవరూ చూడనట్టే లెక్క. మనుషులు తమ పేరు తాము నిజంగా చెబుతారని నమ్మి ఈ ఏర్పాటు చేసిన పెద్దమనిషి ఎవరోగాని, ఆయన మనుషుల మధ్య పెరిగినట్టు లేడు.

మొదట నన్ను ఒంగోలులో ఒక బట్టలకొట్టు యజమాని ఇంట్లో పెట్టారు. ఆయన భార్యాసమేతంగా కొట్టుకు పోతూ, కుక్కకు తోచదని టీవీ పెట్టి తన అంకె నొక్కి వెళ్లేవాడు. అది రోజంతా వంటల కార్యక్రమాలు చూసేది. నా లెక్కలో మాత్రం నలభయ్యేళ్ల వ్యాపారి వంటల మీద ప్రాణాలు పెట్టుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుక్కే నయమనిపిస్తుంది. మాంసం కూర చూపిస్తే తోక ఊపేది, లేకపోతే పడుకునేది. దాపరికం లేదు దానికి.

అక్కణ్ణుంచి నరసరావుపేట వచ్చాను. హెడ్మాస్టరు పిచ్చేశ్వరరావు గారిల్లు. ఇంట్లో ముగ్గురే మనుషులు. ఆయన, ఆయన భార్య ఝాన్సీ, ఆయన తల్లి సీతారావమ్మ గారు. నన్ను బిగించడానికి కంపెనీ తరఫున వచ్చిన రఫీ మర్యాదస్తుడు. పెద్దావిడకు గౌరవంగా ఒకటో నంబరు ఇచ్చాడు. మాస్టారికి రెండు, ఝాన్సీకి మూడు. ఆ వేళకు పెద్దావిడ పెరట్లో గోంగూర కోసుకుంటోంది. ఆమెకీ సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఇదంతా ఎక్కడికి వెళ్తుందయ్యా?" అని అడిగారు మాస్టారు.

"బొంబాయి ఆఫీసుకండి."

"పేర్లతో సహానా?"

"పేర్లు కాదు సార్, నంబరూ వయసూ, అంతే. మీ ఇంట్లో ఇది ఉన్నట్టు మాత్రం ఎవరికీ చెప్పబాకండి. రూలు."

చెప్పకూడదు అనగానే మాస్టారి ముఖంలో రంగు మారింది. చెప్పకూడనిది ఏదైనా ప్రభుత్వానిదే అయి ఉంటుందని ఆయన నమ్మకం. ఆ ఏడు ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి దరఖాస్తు పెట్టుకుని ఉన్నారాయె. పురస్కారం ఇచ్చే ముందు మనిషి నడత ఎలాంటిదో ఇలా గుట్టుగా కనుక్కుంటున్నారని ఆయనకు ఆయనే తేల్చేసుకున్నారు. రఫీ గడప దాటగానే తల్లిని పిలిచి, "అమ్మా, ఇది గవర్నమెంటు డబ్బా. నువ్వు దీన్నీ, ఈ చిన్న రిమోట్‌నీ ముట్టుకోబాక. షాక్ కొడుద్ది" అన్నారు. సీతారావమ్మ గారు భయంభయంగా నాకో నమస్కారం పెట్టింది. నాకు నమస్కారం పెట్టిన మనిషి ఆమె ఒక్కతే.

ఇక చూడండి నా ఖర్మ. క్లాసులో సినిమా పాట కూనిరాగం తీసిన పిల్లల్ని బెంచీ ఎక్కించే ఈ మాస్టారు, భోజనం కాగానే "చిందెయ్ చిన్నమ్మా" అనే డాన్సుల కార్యక్రమానికి అతుక్కుపోయేవారు. అందులో ఒక పిల్ల గెంతుతుంది, ముగ్గురు జడ్జీలు కళ్లు తుడుచుకుంటారు, వాళ్లలో ఒకడు చొక్కా చించుకుంటాడు. అది కళ! మాస్టారు నోరు తెరుచుకుని చూసేవారు. నంబరు నొక్కాల్సి వచ్చేసరికి వేలు రెండు మీద ఆగి, అటూ ఇటూ చూసి, ఒకటి మీద పడేది.

ఝాన్సీ ఏమైనా తక్కువ తిందా? లలితా పారాయణ బృందంలో "మా ఇంట్లో టీవీ ఉందంటే ఉందండీ, వార్తలకే" అని చెప్పుకునే ఇల్లాలు. ఆమెకు "కోడలి కంట నిప్పు" లేకపోతే పొద్దుపోదు. ఆ సీరియల్లో అత్త పట్టుచీరా వడ్డాణంతో నిద్రపోతుంది. పాయసంలో విషం కలిపిన రోజు మొదలుకుని ఆ గిన్నె కోడలి పెదవిదాకా రావడానికి ఒక పండగ వెళ్లి ఇంకో పండగ వచ్చింది. ఆపైన పిల్లి వచ్చి గిన్నె తన్నేసింది. దానికి ఝాన్సీ వెక్కి వెక్కి ఏడ్చింది. మూడు నొక్కితే ఆయన పురస్కారానికి ఎసరొస్తుందని భయం. భర్త ఒకటి నొక్కడం ఎప్పుడు చూసిందో చూసింది, తనూ అదే పట్టుకుంది. "అత్తయ్య నంబరే గదండీ, ఆమెకేం ఉద్యోగమా, బిరుదా!" అని ఓ రోజు అనేసింది కూడా. మాస్టారు విననట్టు పేపరు తిప్పారు.

అలా నా లెక్కలో సీతారావమ్మ గారు తెల్లారి లేచి జాతకాలు చూస్తుంది. మధ్యాహ్నం అత్తాకోడళ్లు జుట్లు పట్టుకుంటే చూస్తుంది. సాయంత్రం నలుగురు నాయకులు అరుచుకుంటుంటే చూస్తుంది. భోజనమయ్యాక డాన్సులు, ఆ తర్వాత హత్యలు. నిజానికి ఆ వేళల్లో ఆవిడ మొక్కలకు నీళ్లు పోస్తూనో, బియ్యంలో రాళ్లు ఏరుతూనో ఉండేది. నాలాంటి డబ్బా ఒక్కొక్కటీ కొన్ని వేల ఇళ్ల తరఫున మాట్లాడుతుందని మీరు గుర్తుంచుకోవాలి. అంటే ముసలమ్మలందరి తరఫునా సీతారావమ్మ గారు, సీతారావమ్మ గారి తరఫున ఝాన్సీ చూపుడువేలు.

ఆవిడ నిజంగా చూసేది ఒక్కటే ఉంది. ఆదివారం పొద్దున "నోటిపాట" అని అరగంట కార్యక్రమం. పొగలూ జడ్జీలూ ఉండవు. ఒక అమ్మాయి ఊరూరూ తిరిగి, దంచేటప్పుడూ నాటేటప్పుడూ పాడుకునే పాటలు ఎవరికొస్తే వాళ్లచేత పాడించేది. పళ్లు లేని నోళ్లు, చెమట పట్టిన మెడలు, గట్టు మీద చెప్పులు, అన్నీ ఉన్నవున్నట్టు కనబడేవి. మాస్టారు టిఫినుకు, ఝాన్సీ తలంటుకు పోయిన సందులో పెద్దావిడ టీవీ పెట్టుకుని నేల మీద కూర్చునేది. గొంతు కలిపేది కూడా. నేను ఎర్రదీపం వెలిగించి అడిగేదాన్ని. ఆవిడ నా చిన్న రిమోట్ ముట్టదు కదా! "ఇదేందో కళ్లల్లో పొడుస్తా ఉంది" అని చెంగుతో నా ముఖం కప్పేసేది. అంతే, ఎవరూ చూడనట్టు లెక్క. ఆ ఇంటి మొత్తంలో చూడదగ్గది చూసే ఒక్క మనిషినీ నేను లెక్కలోకి తీసుకోలేకపోయాను. నా తయారీయే అలాంటిది, ఏం చెయ్యను!

ఆ శ్రావణంలో "నోటిపాట" వాళ్లు సీతారావమ్మ గారి అక్క రాఘవమ్మ ఉన్న పల్లెకు వెళ్లారు. రాఘవమ్మను మడిలో నిలబెట్టి నాట్ల పాట మొత్తం పాడించుకున్నారు. పాడిన వెంటనే చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది రాఘవమ్మ. "దసరా దాటినాక టీవీలో ఏత్తారంట. మన అమ్మ పాడినట్టే పాడాననుకో. నీకు రాని చరణాలు కూడా పాడా, చూసి నేర్చుకో!" అని నవ్వింది. ఆ పాట సీతారావమ్మ గారికి సగమే వచ్చు. పూర్తిగా వచ్చిన మనిషి ఆ వైపు ఊళ్లలో ఇంకెవరూ మిగల్లేదు.

కార్తీకంలో రాఘవమ్మ పోయింది. గుండె ఆగిపోయిందన్నారు. ముగ్గురూ వెళ్లారు. సాయంత్రానికి మొగుడూ పెళ్లాం తిరిగొచ్చారు, పెద్దావిడ పెద్దకర్మ దాకా అక్కడే ఉండిపోయింది. వచ్చినవాళ్లు స్నానాలు చేశారు, కాసేపు గుమ్మంలో కూర్చున్నారు, ఆపైన మాస్టారు గొంతు తగ్గించి, "వాల్యూం చిన్నగా పెడదాంలే, పక్కింటోళ్లు ఏమన్నా అనుకుంటారు" అన్నారు. డాన్సులు పెట్టారు. ఒకటి నొక్కారు. అక్కడ అక్క బూడిద చల్లారకముందే ఇక్కడ నా లెక్కలో చెల్లెలు చిందులు చూస్తోంది! ఛీ! సిగ్గూ శరం కాకపోయినా, కాస్త ఇంగితమైనా ఉండొద్దూ? అన్ని రోజులూ అదే వరస. ఆ రాత్రులు నేను పంపిన లెక్కలంత మురికి లెక్కలు ఏ డబ్బా పంపి ఉండదు.

సీతారావమ్మ గారు చిక్కిపోయి తిరిగొచ్చింది. ఆవిడకు ఇక ఒకటే ఆశ, టీవీలో అక్కను ఒక్కసారి చూడాలి, పాట మొత్తం వినాలి. ఆదివారం తెల్లారకముందే లేచి తలస్నానం చేసి, టీవీ ముందు పీట వేసుకునేది. ఒక వారం ఎవరో తిరగలి పాట పాడారు. తర్వాతి వారం గొర్రెల కాపరులు. పై వారం అక్కదే అయి ఉంటుందని పక్కింటావిడను కూడా పిలుచుకుంది. ఆ ఆదివారం "నోటిపాట" రాలేదు. దాని చోట "కోడలి కంట నిప్పు" పాత భాగాలు మళ్లీ మొదలుపెట్టారు.

"ఏందబ్బాయ్, పాటలు రాలా?" అని కొడుకుని అడిగింది.

"ఆపేశారంటమ్మా. పేపర్లో పడింది. చూసేవాళ్లు లేరంట."

"నేను చూత్తన్నాగా! మా అక్కదన్నా ఎయ్యమని చెప్పు నాయనా. వాళ్లకి ఫోన్ చెయ్యి."

"చేస్తాలే" అన్నారు మాస్టారు. చెయ్యలేదు. ఆవిడ రోజూ అడిగేది, ఆయన రోజూ చేస్తాలే అనేవారు. కొన్నాళ్లకు ఆవిడ అడగడం మానేసి, కొడుకు ఫోన్ మోగినప్పుడల్లా తలెత్తి చూడటం మొదలుపెట్టింది.

ఏడాది చివర వచ్చింది అసలు రోత. చానల్ వాళ్లే పందిరి వేసుకుని, వాళ్ల సీరియళ్లకు వాళ్లే బహుమతులు ఇచ్చుకుని, వాళ్ల మనుషుల్నే కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించుకునే సంబరం. ప్రేక్షకుల అభిమాన కార్యక్రమాలట! "అమ్మమ్మల మనసు దోచిన ధారావాహిక" అని "కోడలి కంట నిప్పు"కి పెద్ద కంచుబొమ్మ ఇచ్చారు. వడ్డాణం అత్త వేదికెక్కి, "ఇంటింటా నన్ను ఆదరిస్తున్న పెద్దమ్మలకు పాదాభివందనం" అని కెమెరాకి మొక్కింది. సోఫాలో ఝాన్సీ కళ్లు చెమ్మగిల్లాయి. మాస్టారు "బాగా మాట్లాడింది" అన్నారు. పెద్దావిడ వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ మొక్కించుకుంటున్నది ఎవరో తెలియక, వెల్లుల్లి ఒలుచుకుంటూ చూసింది.

నా గడువు అయిపోయింది. ఒకే ఇంట్లో ఎక్కువకాలం ఉంచరు మమ్మల్ని. రఫీ స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. మాస్టారు పక్కన నిలబడ్డారు. సీతారావమ్మ గారు రఫీకి మజ్జిగ తెచ్చి ఇచ్చి, అక్కడే చతికిలబడింది.

"నాయనా, నువ్వు టీవీ వాళ్ల మనిషివే గదా. ఆదివారం పాటలొచ్చేయి. ఎందుకాపారయ్యా?"

"చూసేవాళ్లు లేరు పెద్దమ్మా. నాకు తెలిసి, అది పెద్దవాళ్ల కోసం పెట్టిన పోగ్రాం. ఆ పెద్దవాళ్లే చూట్టంలా. అరవై దాటినోళ్లు పొద్దస్తమానం సీరియళ్లూ డాన్సులూ చూస్తన్నారంట. లెక్కలట్టా చెప్తన్నాయి."

"మా అక్క పాడింది నాయనా అందులో. పోయింది మా అక్క. ఆ పాట ఇంకెక్కడా లేదు."

రఫీ స్క్రూ తిప్పడం ఆపాడు. "ఎయ్యని టేపులు ఎవరుంచుతారు పెద్దమ్మా. అయినా ఆ పోగ్రాం మళ్లీ మొదలైతే ఏమన్నా వెతికిస్తారేమో. జనం చూడాలిగా."

పెద్దావిడకు ఒళ్లు మండిపోయింది. "వాళ్ల మొహాలు మండ! ఏం ముసలాళ్లయ్యా వాళ్లు? కాటికి కాళ్లు చాపుకుని డాన్సులు చూసేదానికి సిగ్గుండక్కర్లా? అది మనిషా? దానికి ఇంట్లో చెప్పేవాళ్లు లేరా?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అవునమ్మా. జనంలో అభిరుచి పడిపోయింది" అన్నారు. ఇంత స్పష్టంగా అన్నారు. వంటింట్లో ఝాన్సీ చేతిలో గిన్నె జారింది.

తిట్టి తిట్టి పెద్దావిడ గొంతు తగ్గిపోయింది. రఫీ మోచెయ్యి పట్టుకుంది. "తప్పు నాయనా, తిట్టకూడదు. ఎవరి బతుకు ఎట్టాంటిదో. అట్టా చూసే ముసలావిడ ఒక్కతన్నా యాడుందో నీకు తెలుసుంటే చెప్పు. బస్సెక్కి పోతా. కాళ్లు పట్టుకుంటా. ఒక్క ఆదివారం, ఒక్క అరగంట మా పాటలు చూడమ్మా, మా అక్కను చూపిత్తారంట అని అడుగుతా. ఆడదే గదా, కాదనదు."

"చెప్పకూడదు పెద్దమ్మా" అన్నాడు రఫీ తల దించుకుని. "ఏ ఇంట్లో ఎవరు ఏం చూశారో మాకూ తెలియనివ్వరు. రూలు."

నేను మాస్టారి వైపు చూశాను. ఒక్క మాట చాలు. ఆ ముసలావిడ నువ్వేనమ్మా, ఆ వేలు నాది అంటే చాలు. ఆయన నోరు తెరిచారు కూడా.

"లేమ్మా, నేల చల్లగా ఉంది, మోకాళ్లు పట్టేస్తాయి" అన్నారు.

రఫీ నా వైరు పీకాడు. ఉమ్మేద్దామంటే నాకు నోరు లేదు.